తలుపు దగ్గరి కుర్చీ

దుప్పటి మూల అతని ఎడమచేతిలోంచి మళ్ళీ జారిపోయింది.

ఆ హోటలు లాండ్రీలో వేడి రోలరు ముందు ఎప్పుడూ ఇద్దరు నిలబడాలి. తడి దుప్పటిని చెరో మూల పట్టుకుని గట్టిగా దులపాలి, అంచు సమంగా ఉందో లేదో చూసుకోవాలి, ఇద్దరూ ఒకేసారి యంత్రం నోటికి అందించాలి. పనంటే అంతే. చూసేవాళ్ళకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. కానీ ఒకరి మూల జానెడు కిందికి దిగిందంటే చాలు, దుప్పటి వంకరగా లోపలికి పోతుంది, పడ్డ ముడత పడ్డట్టే ఇస్త్రీ అయిపోతుంది. ఆ ముడత విప్పడం బ్రహ్మ తరం కాదు. మళ్ళీ తడపాలి, మళ్ళీ పిండాలి, మళ్ళీ మొదటికి రావాలి.

"అన్నా, నీ పక్క మళ్ళీ వంకర పోయింది," అంది అవతలి మూల పట్టుకునే ఆమె.

"చూస్తున్నానమ్మా."

నిజంగానే చూస్తున్నాడు. వేళ్ళు బిగించి పట్టుకున్నట్టే అనిపిస్తోంది, తీరా చూస్తే తెరుచుకుని ఉన్నాయి. తన చెయ్యి తన మాట వినకపోవడం అతనికి కొత్త కాదు. ఒకప్పుడు ఒళ్ళంతా అతని మాట వినలేదు. కానీ అది వేరే సంగతి, ఇప్పుడు దాని జోలి లేదు, ఆ లేకపోవడమే అతని ఆస్తి.

లాండ్రీలో అందరికీ అతను అన్న. వారానికోసారి సాయంత్రం వెళ్ళే మీటింగులో పెద్దాయన. వయసును బట్టి కాదు, యాభై దాటి ఎంతో కాలం కాలేదు. మత్తు సూది మానేసి బతికి బట్టకట్టినవాళ్ళలో అందరికంటే ముందువాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. పొడుగు మనిషి. రోలరు ఎత్తుకు సరిపోయేలా ఏళ్ళ తరబడి వంగి వంగి మెడ కింద చిన్న గూని పడింది. కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం వెంట్రుక లేకుండా నున్నగా మెరుస్తూ ఉంటుంది. పాత రోలరు కాల్చిన గుర్తు. అప్పట్లో నొప్పికి తట్టుకోలేక అరుస్తుంటే ఆసుపత్రిలో సూది వేశారు. నొప్పి తగ్గింది, చెయ్యి మానింది, సూది మాత్రం మానలేదు. భార్య కుట్టుమిషను, ఇంట్లో ఇత్తడి సామాను, బావమరిది పెళ్ళి ఉంగరం, అయినవాళ్ళలో ఉన్న కాస్త మర్యాద, అన్నీ ఆ సూది బెజ్జంలోంచే వెళ్ళిపోయాయి.

తర్వాత మానేశాడు. ఎలా మానాడో అతను ఎవరికీ కథలుగా చెప్పలేదు. మానేసి ఎన్నాళ్ళయిందని అడిగితే, "లెక్కపెట్టుకునేది జైల్లో ఉన్నవాళ్ళు, నేను బయటే ఉన్నాగా," అనేవాడు.

తలలో పోటు మళ్ళీ మొదలైంది. పోయిన వారం, మీటింగు అయిన మర్నాడు, రోలరు బల్ల కింద పడిన దుప్పటి తీయడానికి వంగాడు. లేస్తూ బల్ల ఇనుప అంచుకి తల కొట్టుకున్నాడు. రక్తం రాలేదు. చిన్న బొప్పి కట్టింది. ఆ సమయానికి అవతలామె బట్టలు తేవడానికి వెళ్ళింది, ఎవరూ చూడలేదు. తల రుద్దుకుని పనిలో పడ్డాడు. రోజులు గడిచేకొద్దీ బొప్పి తగ్గింది, నొప్పి పెరిగింది. రెండు రోజులుగా మగత, దానికి తోడు మాట తడబాటు.

ఆసుపత్రికి పోవచ్చుగా అని ఎవరైనా అంటారు. పోవచ్చు. కానీ మీటింగులో ఒక కట్టుబాటు ఉంది. వాళ్ళలో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా, కాలు విరిగినా ఒంటరిగా ఆసుపత్రి మెట్లెక్కకూడదు. తోడు వెళ్ళాలి. డాక్టరుకు పాత సంగతి చెప్పేది తోడు మనిషే, రాసిచ్చిన మాత్రలు తన జేబులో పెట్టుకుని పూటపూటకీ వచ్చి ఒక్కోటి చేతిలో పెట్టేదీ తోడు మనిషే. బయటివాళ్ళకి ఇది చాదస్తంగా ఉంటుంది. నొప్పి మాత్రల చీటీ ఒంటరిగా చేతికి వస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి అది చాదస్తం కాదు. పెద్దాయనకి తోడు డ్రైవరు, ఊళ్ళో బస్సు నడుపుతాడు. మొన్న ఫోను చేస్తే, "వరసగా డ్యూటీలు పడ్డాయి పెద్దాయనా, మీటింగులో కలుద్దాంగా," అన్నాడు. సరే అన్నాడు ఇతను. తల పట్టుకుని ఏడుస్తున్నానని ఫోనులో చెప్పే అలవాటు అతనికి లేదు.

ఇవాళ మీటింగు. డ్రైవరుతో ఒక్క మాట చెప్పాలి, రేపు నాతో ఆసుపత్రికి రా అని. పొద్దుటి నుంచీ ఆ మాటే పట్టుకుని నిలబడ్డాడు.

ఈసారి దుప్పటి జారడమే కాదు, రోలరులో ఇరుక్కుంది. కాలిన వాసన వచ్చింది. అవతలామె మీట నొక్కి యంత్రం ఆపింది. పొగ వస్తున్న దుప్పటి వైపు కాకుండా అతని మొహం వైపు చూసింది, చూసి తల దించుకుంది. లాండ్రీ మొత్తం ఒక్కసారి చల్లబడ్డట్టయింది. అతని పాత కథ అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకి ఇవాళ తెలిసింది.

సూపర్‌వైజరు వచ్చాడు. సూపర్‌వైజరంటే వేరెవరో కాదు, సొంత బావమరిది, భార్యకు తమ్ముడు. పెళ్ళి ఉంగరం పోగొట్టుకున్నది ఇతనే, అయినా ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఇతనే. మంచివాడు. మంచివాళ్ళ మంచితనానికి కూడా ఒక గడువుంటుంది.

"బావా, ఇలా రా," అని ఉతికిన తువ్వాళ్ళు పేర్చే గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. గది నిండా సబ్బు వాసన. అరల నిండా తెల్లటి మడతలు.

"చేతులు చూపించు."

అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. కుడి చేతికి కాలిన మచ్చ, రెండు మోచేతుల మడతల్లో ఎండిపోయిన పాత గుర్తులు. కొత్తవి లేవు.

"కాళ్ళకి కూడా పొడుచుకుంటారంట కదా."

"ఏరా, ప్యాంటు కూడా విప్పమంటావా?"

అది నవ్వుతూ అనాల్సిన మాట. బావా బావమరుదుల మధ్య ఇంతకంటే మోటువి ఎన్ని దొర్లలేదు! కానీ మాట ముద్దగా వచ్చింది, నవ్వు మూతిలో ఒక పక్కకే వచ్చింది. ఆ వంకర నవ్వు చూసి బావమరిది మొహం మాడిపోయింది.

"వేళాకోళమా బావా? నిలబడలేకపోతున్నావు. నాలిక తిరగట్లేదు. అడ్డంగా తూలుతూ నాతో వేళాకోళమాడతావా?"

"తలనొప్పిరా."

"తలనొప్పయితే మాత్ర వేసుకో."

"నేను వేసుకోకూడదు. నీకు తెలుసుగా."

"నువ్వు మాత్ర వేసుకోవు, నీ తలనొప్పి తగ్గదు, దుప్పట్లు మాత్రం నాకు కాలిపోతాయి. బాగుంది." అతను తువ్వాళ్ళ అర మీద చెయ్యి ఆనించాడు. "పైవాళ్ళకి నీ గురించి నేను మాటిచ్చాను బావా. మా అక్క కోసం ఇచ్చాను. ఇంటికి పో. వాళ్ళు చూడకముందే పో. రేపటి సంగతి రేపు చూద్దాం."

తలకు దెబ్బ తగిలిందని అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ సాకు ఎంత పాతదో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అది నోట్లోంచి బయటికి రాకముందే అబద్ధంలా వినిపించింది అతనికి.

వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది, ఇంటి తాళంచెవి తన దగ్గర లేదు.

పొద్దున జరిగిందది. రోజూ పొద్దున్నే భార్య అతని గడ్డం పట్టుకుని మొహాన్ని వంటింటి కిటికీ వైపు తిప్పుతుంది, కళ్ళలోకి చూస్తుంది. మొదట్లో అది తనిఖీ. ఆ రోజుల్లో ఆమె చూపు ముందు నిలబడలేక అతనికి చెమటలు పట్టేవి. ఏళ్ళు గడిచాక అది అలవాటయింది, ఆ తర్వాత ముద్దు చెయ్యడం లాంటిదయింది. చూసి, చెంప మీద ఒకటి తట్టి పోయేది. ఇవాళ తట్టలేదు.

"ఏమయ్యా, సరిగా ఇటు తిరుగు."

"నిద్ర చాల్లేదే."

"రాత్రంతా గురక పెట్టావు. ఇంకా చాల్లేదా?"

మళ్ళీ చూసింది. ఏమైనా అని ఉంటే బాగుండేది. చిలక్కొయ్యకున్న తాళంచెవి తీసి తన సంచిలో వేసుకుని పనికి వెళ్ళిపోయింది. ఇంట్లో వస్తువులు మాయమైన రోజుల్లో అలా చేసేది. ఇద్దరి దగ్గరా చెరో తాళంచెవి ఉండాలని మళ్ళీ ఆమే చేయించి ఆ చిలక్కొయ్యకు తగిలించిన రోజు అతను స్నానాలగదిలోకి పోయి ఏడ్చాడు.

ఆమె పనిచేసే చోటికి పోదామా అనుకున్నాడు. అంతమంది ముందు ఈ నడకతో పోయి నిలబడితే ఆమెకి తలవంపులు. బస్‌స్టాపు నీడలో బల్ల మీద కూర్చున్నాడు. డ్రైవరు బస్సు ఆ దారినే పోతుంది. చాలా బస్సులు పోయాయి. పక్కన కూర్చున్న ముసలావిడ అతన్ని ఎగాదిగా చూసి సంచీ ఒళ్ళోకి తీసుకుని జరిగింది.

చివరికి డ్రైవరు బస్సు వచ్చింది. ముందు తలుపు కడ్డీ పట్టుకుని ఎక్కబోయాడు. ఎడమకాలు లేవలేదు. కుడికాలితో ఎక్కి దాన్ని ఈడ్చుకున్నాడు. వెనకున్న మనిషి "పగలే మొదలెట్టాడు" అని గొణిగాడు. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. ఇతను స్తంభాన్ని కరుచుకుని నిలబడ్డాడు.

డ్రైవరు అద్దంలో చూశాడు. లావుపాటి మనిషి, స్టీరింగు మీద చేతులు ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి. ఈ మనిషినే పెద్దాయన ఒకప్పుడు తన ఇంట్లో చాప మీద పడుకోబెట్టి, వాంతులు ఎత్తిపోసి, తిట్లు తిని, తలుపుకు అడ్డంగా తను పడుకుని మాన్పించాడు. అద్దంలో అతని కళ్ళు ముందు సంతోషంగా పెద్దవయ్యాయి. తర్వాత పెద్దాయన నిలబడ్డ తీరు చూశాయి, వేలాడే పెదవి చూశాయి. ఆ కళ్ళు అలా ఆరిపోవడం పెద్దాయన కళ్ళారా చూశాడు.

"నాతో... రేపు..." అన్నాడు ముందుకు వంగి.

"నడిపేటప్పుడు మాట్లాడకూడదు," అన్నాడు డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మీటింగుకి రా. వస్తావుగా?"

"వస్తా."

"ఎలా ఉన్నా సరే రా పెద్దాయనా. రాకుండా మాత్రం ఉండకు."

ఎలా ఉన్నా సరే అన్న మాటకి వాళ్ళ భాషలో ఒకటే అర్థం, మళ్ళీ తీసుకున్నా సరే రా అని. పెద్దాయన ఆ మాట ఎందరికి చెప్పాడో! ఇవాళ దాన్ని తను పుచ్చుకున్నాడు.

మీటింగు జరిగేది టైలరు దుకాణం పైగదిలో. టైలరు కూడా వాళ్ళలో ఒకడే. కింద మిషన్లు ఆగాక పైన కుర్చీలు గుండ్రంగా వేస్తారు. మూలల్లో గుడ్డపేలికల మూటలు, గోడకి కొలతల టేపులు, కిటికీలో కెటిలు. టీ పెట్టేది ఎప్పుడూ పెద్దాయనే. ఆ గది తలుపు పక్కన గోడకి ఆనించి ఒక కుర్చీ విడిగా ఉంటుంది. దాని సంగతి చెప్పాలి.

వెనకటి రోజుల్లో ఎవడైనా మళ్ళీ తీసుకుని తూలుకుంటూ మీటింగుకి వస్తే బయటికి పంపేసేవారు. అలా పంపిన వాళ్ళలో కొందరు తిరిగి రాలేదు, ఏ కాలవ గట్టునో దొరికారు. అది చూడలేక పెద్దాయన ఈ పద్ధతి పెట్టాడు. పంపొద్దు. తలుపు దగ్గర కూర్చోబెట్టండి. ఏమీ అడగొద్దు, పలకరించొద్దు, టీ ఇవ్వొద్దు. "అడిగితే అబద్ధం చెబుతాం. నువ్వూ అంతే, నేనూ అంతే. నోరు తెరిచి వాడే చెప్పాలి," అనేవాడు. ఆ మనిషి తనంతట తాను "తీసుకున్నాను" అన్న క్షణాన గదిలో అందరూ లేస్తారు, వాటేసుకుంటారు, వేడి టీ చేతిలో పెడతారు, నిష్ఠూరమన్న మాట ఎవరి నోటా రాదు. ఈ పద్ధతి వల్ల బతికినవాళ్ళు ఆ గది నిండా ఉన్నారు. చెడ్డ పద్ధతని తీసిపారెయ్యడానికి లేదు, అదే వచ్చిన చిక్కు.

ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ముందు బొంకాడు. ఆ బొంకుల్ని తర్వాత చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వుకోవడం కూడా వాళ్ళకి ఆనవాయితీ. టైలరు ఎండదెబ్బ అన్నాడు. టీచరమ్మ కళ్ళజోడు మారిందని, అందుకే తూలుతున్నానని చెప్పింది. డ్రైవరు బస్సు తలుపు తలకి కొట్టుకుందన్నాడు. అన్నిటికంటే ఎక్కువ నవ్వు పుట్టించేది డ్రైవరుదే. "ఏ వైపు తలుపురా? నువ్వు కూర్చునే వైపు తలుపే లేదుగా!" అని పెద్దాయనే గుక్క తిప్పుకోకుండా నవ్వేవాడు.

ఇవాళ సాయంత్రం అతను గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి, డ్యూటీ దిగిన డ్రైవరుతో సహా అందరూ ఉన్నారు. అలవాటుగా కిటికీ దగ్గరికి వెళ్ళి కెటిలు ఎత్తాడు. టీ కప్పులో సగం, బల్ల మీద సగం పడింది. తన చేతి మీద పడిన వేడి అతనికి తెలియలేదు. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డ్రైవరు లేచి వచ్చి కెటిలు అతని చేతిలోంచి మెల్లిగా తీసుకున్నాడు.

"అక్కడ కూర్చో పెద్దాయనా."

"కాదురా. తలకి... దెబ్బ..."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. టైలరు కొలత టేపు తీసి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. పెద్దాయనకి వాళ్ళ మొహాల్లో కోపం కనిపించలేదు, జాలి కనిపించింది. అంతా తెలిసిన జాలి. ఆ జాలి ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు, ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళని అతను అలాగే చూశాడు.

కూర్చున్నాడు.

మీటింగు మొదలైంది. టీచరమ్మ తన వారం గురించి చెప్పింది. పరీక్షల ఒత్తిడి అంది, రాత్రి నిద్రమాత్రల డబ్బా కలలోకి వచ్చిందంది. మాటలు దూరపు రేడియోలా వచ్చి పోతున్నాయి. తలలో ఎవరో లోపలినుంచి గుద్దుతున్నారు. చూపు ఒకటి రెండవుతోంది. భయం వేసింది అతనికి. సూది రోజుల్లో చావంటే భయం ఉండేది కాదు. ఇప్పుడుంది, ఎందుకంటే ఇప్పుడు పోగొట్టుకోవడానికి తాళంచెవి వేలాడే చిలక్కొయ్య ఉంది, చెంప తట్టే చెయ్యి ఉంది. ఆసుపత్రికి పోవాలి. రేపు కాదు, ఇప్పుడే.

"డ్రైవర్," అన్నాడు.

డ్రైవరు పలకలేదు. పలకకూడదు. గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు, చెంప మీద తడి కారుతుంటే తుడుచుకోలేదు.

"ఒరేయ్... నా తోడు..."

టీచరమ్మ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చెప్పుకుపోయింది.

లేచి వెళ్ళి డ్రైవరు చొక్కా పట్టుకుందామని చూశాడు. కాలు రాలేదు. కుర్చీలో ఒక పక్కకి ఒరిగాడు. ఆలోచన కూడా కాలులాగే ఈడ్చుకుంటూ నడిచింది. ఈ గదిలో ఇంతమంది ఉన్నారు. తను అరిస్తే వినరు, ఏడిస్తే వినరు, నిజం చెబితే విననే వినరు. తనే అలా కట్టాడు. ఈ కుర్చీలోంచి పైకి లేపే మాట ఒక్కటే ఉంది. ఆ మాట అంటే అందరూ వస్తారు. డ్రైవరు వస్తాడు. అప్పుడు చెవిలో చెప్పొచ్చు, ఆసుపత్రికి తీసుకుపోరా అని. మిగతాది తర్వాత సర్దుకోవచ్చు.

మానేసిన నాటి నుంచి ఈ గదిలో అతను అబద్ధమాడలేదు. దాని మీద అతనికి లోలోపల గర్వం కూడా ఉండేది.

"తీసుకున్నాను," అన్నాడు.

రోజంతా ముద్దగా వచ్చిన నోట్లోంచి ఆ ఒక్క మాటా అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. అందరూ వచ్చి మీద పడ్డారు. టీచరమ్మ అతని తల తన పొట్టకి ఆనించుకుని, "పోన్లెండి పెద్దాయనా, పోన్లెండి. ఎవరికైనా జరుగుతుంది," అని వెక్కివెక్కి ఏడ్చింది. టైలరు చెయ్యి పట్టుకుని ఊపాడు. అతని మొహంలో ఏడుపుతో పాటు ఇంకొకటి కూడా ఉంది, ఒక రకం తేలిక. ఇంతటి పెద్దాయనే జారాడంటే మనమెంత అన్న తేలిక. ఇంకొందరి మొహాల్లోనూ అది ఉంది. వాళ్ళని తప్పుపట్టి ఏం లాభం, ఎన్నేళ్ళుగానో ఆ మనిషి నిటారుగా నిలబడి వాళ్ళందరికీ మెడనొప్పి తెప్పించాడు.

డ్రైవరు మోకాళ్ళ మీద కూర్చుని అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆస్పత్రి," అన్నాడు పెద్దాయన.

డ్రైవరు అతని పెదాలు చూశాడు, గోళ్ళు చూశాడు, ఛాతీ మీద చెవి పెట్టి ఊపిరి విన్నాడు. మోతాదు మించితే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలిసినంతగా కొందరు డాక్టర్లకి కూడా తెలియదు. పెదాలు నీలంగా లేవు. ఊపిరి బాగానే ఆడుతోంది.

"ఏం భయం లేదు. ఎక్కువేం కాలేదు. ఆస్పత్రికెందుకు? అక్కడ మనల్ని ఎలా చూస్తారో నువ్వే కదా చెప్పావు. కాసేపు పడుకో, దిగిపోతుంది."

"రా... నాతో..."

"వచ్చాను. ఇక్కడే ఉన్నాను. ఎక్కడికీ పోను."

గుడ్డపేలికల మూటలు విప్పి పరుపులా పరిచారు. డ్రైవరు గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని, పెద్దాయన తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకప్పుడు తన తల అలా ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఈయనే. ఆ రుణం ఇన్నాళ్ళకి తీరుతోందని అతనికి దుఃఖంలోనే ఒక తృప్తి. నుదురు నిమురుతూ కూర్చున్నాడు. వేళ్ళు జుట్టులోకి పోయినప్పుడు దాదాపు తగ్గిపోయిన బొప్పి ఒకటి తగిలే ఉంటుంది. అతను దాని గురించి ఆలోచించలేదు.

పెద్దాయన నోరు తెరిచాడు. తీసుకోలేదురా అనాలి. మళ్ళీ మొదట్నించీ అదంతా, మళ్ళీ ఆ మొహాలు. అలసట వచ్చేసింది. ఒళ్ళు వెచ్చగా ఉంది, నుదుటి మీద చెయ్యి ఉంది, చుట్టూ తన మనుషులే ఉన్నారు. లేచాక చెప్పొచ్చులే అనుకున్నాడు.

గురక మొదలైంది. పెద్ద గురక, గది దద్దరిల్లేలా. అందరూ గొంతులు తగ్గించుకున్నారు. టైలరు లేచి పైన లైటు ఆపి మూల లైటు వేశాడు. ఒకరి తర్వాత ఒకరు తాము జారిన రోజుల గురించి చెప్పుకున్నారు, పెద్దాయన అప్పుడేమన్నాడో చెప్పుకున్నారు. ఎన్నాళ్ళుగానో అంత మంచి మీటింగు జరగలేదని తర్వాత ఒకరు అన్నారు, అని నాలిక కరుచుకున్నారు.

కాసేపటికి గురక ఆగింది.

"హమ్మయ్య, మంచి నిద్ర పట్టింది," అంది టీచరమ్మ.

కప్పులు కడిగి బోర్లించారు. కుర్చీలు గోడకి పేర్చారు. ఇంటికి దిగబెడదామని డ్రైవరు లేపబోయినప్పుడు గానీ తెలియలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పడానికి ఎక్కువ సేపు పట్టలేదు. తలలో రక్తం గడ్డకట్టింది. ఎప్పుడో వారం కిందట తగిలిన దెబ్బ, మెల్లగా లోపల కారుతూ వచ్చింది. పొద్దున తీసుకొచ్చి ఉంటే బతికేవాడేమో. మత్తుమందు ఏమైనా తీసుకున్నాడా అని వీళ్ళే అడిగారు. పరీక్ష చేసి చూశారు. ఒంట్లో ఏమీ లేదన్నారు. నొప్పి మాత్ర కూడా లేదు.

భార్య బల్ల మీద కూర్చుని ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని. తమ్ముడు గోడకి తల ఆనించి నిలబడ్డాడు. డ్రైవరు ఆమె ముందుకొచ్చి, "అక్కా, ఆయనే చెప్పాడక్కా. తీసుకున్నానని మా అందరి ముందూ ఆయనే చెప్పాడు," అన్నాడు.

ఆమె తల ఎత్తి చూసింది. ఏడుపు ఇంకా రాలేదు ఆమెకి.

"తీసుకున్నన్నాళ్ళూ తీసుకోలేదని చెప్పాడు, నేను నమ్మాను. తీసుకోకుండా తీసుకున్నానని చెప్పాడు, మీరు నమ్మారు." సంచి తెరిచి లోపలికి చూసి మళ్ళీ మూసింది. "నాకు తెలీదు తమ్ముడూ, సరే. పొద్దున కళ్ళలోకి చూసి కూడా నాకు తెలీలేదు. మీకందరికీ తెలుసుగా అది ఎలా ఉంటుందో. మీరు చూసి కూడానా?"

డ్రైవరు దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, తెలియడం వల్లే ఇలా అయిందక్కా అని, అది నోటితో అనగలిగేది కాదు.

మర్నాడు పొద్దున్నే టైలరు దుకాణం తెరవడానికి వచ్చాడు. రాత్రి మోసుకుని దించే హడావిడిలో ఎవరూ చూసుకోలేదు, పైగది తలుపు బయట ఒక జత చెప్పులు మిగిలిపోయాయి. కొత్తవే, కుడి చెప్పు అడుగున కంపెనీ అచ్చు కూడా ఇంకా చెరగలేదు. ఎడమ చెప్పు ముందుభాగం మాత్రం నేలకి రాసుకుని రాసుకుని బొటనవేలు దగ్గర చిల్లు పడి ఉంది.